ఎడమ పక్క గీత, కుడి పక్క వదిన

క్లబ్ హాస్టల్,
మెట్ల పక్క గది.
సీజన్ మొదలైన వారం.

వదినా,

ఫోన్ చేస్తే అన్నయ్య నీ చేతిలోంచి లాక్కుని "తిన్నావా, పడుకున్నావా" అని రెండు ముక్కలు అడిగి పెట్టేస్తాడు. మన పాత పద్ధతే నయం. ఇద్దరం ఒకే జట్టులో ఆడిన రోజుల్లో దిండు కింద చీటీలు పెట్టుకునేవాళ్ళం కదా. ఇప్పుడు వాటికి స్టాంపు అంటించాలి, అంతే తేడా.

కొత్త కోచ్ వచ్చాడు. మనిషి మంచివాడే గానీ వచ్చీ రాగానే నా ఇల్లు ఖాళీ చేయించాడు. ఇన్నేళ్ళూ ఫుట్‌బాల్‌లో లెఫ్ట్ బ్యాక్ అంటే మైదానం ఎడమ అంచున, గీత పక్కన ఉండేది. మీదికొచ్చిన ఫార్వర్డ్‌ను ఆపేది, బంతి దొరికితే గీత వెంబడి పరిగెత్తేది. ఇతని లెక్కలో అదంతా పాతకాలం. బంతి మా దగ్గర ఉన్నంతసేపూ నేను గీత వదిలేసి మైదానం నడి మధ్యకి రావాలట. గోల్‌కీపర్ దగ్గర్నుంచి బయల్దేరిన బంతిని అక్కడ అందుకుని, అవతలి వాళ్ళ రెండు వరసల మధ్య సందు చూసి ముందుకు పాస్ ఇవ్వాలట. "బ్యాక్ అంటే వాకిట్లో కాపలా మనిషి కాదమ్మా. మొదటి మంచి పాస్ నీదే అవ్వాలి, ఆట నీ కాలి దగ్గర మొదలవ్వాలి" అన్నాడు. వినడానికి గొప్పగానే ఉంది.

కానీ గీత పక్కన ఒక సుఖం ఉండేది వదినా. ఎడమ నుంచి ఎవరూ రారు. అటు గీత, దాని అవతల బెంచీ, నీళ్ళ సీసాలు, అంతే. నడి మధ్యలో నాలుగు వైపుల నుంచీ వస్తారు. నాలుగు రోడ్ల కూడలిలో కూర్చోబెట్టి లెక్కలు చెయ్యమన్నట్టుంది.

బంతి అందుకునే ముందు రెండు భుజాల మీదుగా వెనక్కి చూడాలి. ఆ అలవాటు కోసం అసిస్టెంట్ కోచ్ నా వెనక ఎడమ వైపు నిలబడి రంగు అట్టలు ఎత్తుతుంది. బంతి నా కాలికి తగిలేలోగా రంగు పైకి చెప్పాలి. మొదటి రోజు ఒక్కటీ సరిగ్గా చెప్పలేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఇక్కడ నాకు మహారాణి అని పేరు పెట్టారు. పక్కన నడుస్తూ నవ్వి చెయ్యి ఊపినా తల తిప్పనట, కళ్ళు నెత్తికెక్కాయట. నువ్వే చెప్పు, నేనలాంటిదాన్నా?

మోకాళ్ళ కింద రోజుకో కొత్త దెబ్బ. ఆటలో తగిలినవే. అన్నయ్యకి చెప్పకు.

నీ ఆడపడుచు


మా క్లబ్,
వీడియో గది.
మధ్యాహ్నం.

మా ఇంటి ఆడపడుచు మహారాణి గారికి,

కళ్ళు నెత్తికెక్కాయో లేదో తెలీదు గానీ ముక్కు మీద కోపం మాత్రం పుట్టుకతోనే ఉంది, దానికి నేను సాక్షిని.

మీ కోచ్ చెప్పింది నిజమే. ఇప్పుడు పెద్ద జట్లన్నీ అదే ఆడుతున్నాయి. నేను పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఈ గదిలో కూర్చుని చూసేది అదేగా. మోకాలు పోయి ఆట మానేశాక నాకు దొరికిన ఉద్యోగం ఇది: అవతలి జట్ల మ్యాచ్‌లు చూడడం, ముక్కలు కత్తిరించడం, ఎవరు ఎక్కడ తడబడతారో మా కోచ్‌కి చెప్పడం. మధ్యకి వచ్చే బ్యాక్ గనక పాస్ బాగా ఇస్తే అవతలి వాళ్ళకి ఎవరిని పట్టుకోవాలో అర్థం కాదు. ఆమె మీదికి ఒకరు పోతే వెనక సందు పడుతుంది, పోకపోతే ఆమె తీరిగ్గా చూసి పాస్ ఇస్తుంది. అందుకని అలాంటి బ్యాక్‌కి కాళ్ళకంటే మెడ ముఖ్యం. తిప్పుతూ ఉండాలి.

ఇంకో మాట. ఈ సీజన్ చివర్లో మీకూ మాకూ మ్యాచ్ ఉంది. మీ జట్టు వీడియోలు కత్తిరించే పని నాకే పడింది. ఆడపడుచని జాలి చూపిస్తాననుకోకు. నీ ప్రతి తప్పూ మా తెర మీద గోడంత పెద్దగా కనిపిస్తుంది.

మోకాళ్ళ కింద దెబ్బలన్నావు. రెండు కాళ్ళకా, ఒక కాలికా? ఊరికే అడిగాను.

మీ అన్నయ్య నీ ఉత్తరం చదవాలని చూశాడు. ఇవ్వలేదు.

వదిన


క్లబ్ హాస్టల్,
మెట్ల పక్క గది.
నెలన్నర తర్వాత.

వదినా,

ఆలస్యానికి తిట్టుకోకు. మంచి వార్తలు కూడబెట్టుకుని రాద్దామని ఆగాను.

ఆ నడి మధ్య ఆట పట్టుబడింది. ఎలాగో నీకు ఒక్కదానికే చెబుతున్నా. బంతి ఇంకా గోల్‌కీపర్ దగ్గర ఉండగానే మైదానమంతా ఒక్కసారి చూసుకుంటాను. ఎవరు ఎక్కడున్నారో బుర్రలో పెట్టేసుకుంటాను. బంతి రాగానే మళ్ళీ చూడకుండా ఆ లెక్క ప్రకారం ఒకే దెబ్బకి పాస్ ఇచ్చేస్తాను. కోచ్ మురిసిపోతున్నాడు. "చూడకుండా ఇస్తోంది, ఇది నేర్పితే వచ్చేది కాదు" అని అందరి ముందూ అన్నాడు. రంగు అట్టలు కూడా ఇప్పుడు ఒక్కటీ తప్పడం లేదు. ఆ రహస్యం కూడా చెప్పనా? అసిస్టెంట్ అట్టలు ఎప్పుడూ ఒకే వరసలో ఎత్తుతుంది. ఎరుపు, పసుపు, నీలం, మళ్ళీ పసుపు. బట్టీ పట్టేశాను. స్కూల్లో ఎక్కాలు ఇలాగే గట్టెక్కాను.

అన్నీ మంచివే కాదులే. మొన్న సాయంత్రం మ్యాచ్, లైట్ల కింద. బంతి అందుకుని ఎడమకి తిరిగాను. అవతలి ఫార్వర్డ్ పిల్లిలా వచ్చి ఎత్తుకుపోయింది. గోల్ పడింది, ఓడిపోయాం. డ్రెస్సింగ్ రూమ్‌లో కెప్టెన్ పక్కకొచ్చి, "పర్లేదు, పద" అని చెయ్యి చాచిందట. నేను పట్టించుకోకుండా లేచి వెళ్ళిపోయానట. తను రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఒట్టేసి చెబుతున్నా వదినా, ఆ చెయ్యి నేను చూడలేదు.

దెబ్బలు రెండు కాళ్ళకీ ఉన్నాయి. ఎడమ కాలికి కాస్త ఎక్కువ. బెంచీలు మరీ ఇరుగ్గా వేశారు ఇక్కడ.

నీ ఆడపడుచు


ఇల్లు,
వంటింటి బల్ల.

అమ్మాయ్,

ఈ ఉత్తరం ఒకసారి రాసి చింపేశాను. ఇది రెండోది.

ఆ గోల్ వీడియో చూశాను. మా గదిలో తలుపేసుకుని మళ్ళీ మళ్ళీ చూశాను. ఆ ఫార్వర్డ్ పిల్లిలా రాలేదు. ఎడమ గీత దగ్గర పరుగు మొదలుపెట్టి బాహాటంగా, అడ్డంగా నీ మీదికి వచ్చింది. జనం అరిచారు. మీ గోల్‌కీపర్ రెండు చేతులూ ఊపింది. నువ్వు మెడ తిప్పావు. నన్ను భయపెట్టింది అదే. నువ్వు మెడ తిప్పకపోతే అజాగ్రత్త అనుకునేదాన్ని. తిప్పావు, ఆమె వస్తున్న వైపే తిప్పావు, ఎవరూ లేనట్టు నింపాదిగా బంతిని అటే తీసుకెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర పెట్టావు.

ఆ తర్వాత నీ మ్యాచ్‌లన్నీ తీశాను. ఎడమ నుంచి మనుషులు వచ్చిన చోట్లన్నీ కత్తిరించి ఒకదాని వెనక ఒకటి అతికించాను. ప్రతిసారీ వాళ్ళు నీ ముందుకొచ్చాకే ఉలిక్కిపడుతున్నావు.

మన రోజులు గుర్తు చేసుకున్నాను. నీ పక్కన డిఫెన్స్‌లో నేను ఆడేదాన్ని. నీకు ఎడమ పక్క గీత, కుడి పక్క నేను. నా నోరు ఆట మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా మూతపడేది కాదు, "వెనకుంది, వదిలెయ్, నాకివ్వు" అని. గీత ఒక పక్క, నా నోరు ఒక పక్క కాస్తుంటే నీకు లోటు ఎలా తెలుస్తుంది? నాకు మాత్రం ఎలా తెలుస్తుంది? మా పెళ్ళిలో నీ ఎడమ పక్కన కూర్చుని మంచినీళ్ళ గ్లాసు అందించాను. ఎంతసేపు పట్టుకున్నా తీసుకోలేదు. ఆడపడుచు బెట్టు అనుకుని నెల్లాళ్ళు లోపల కారాలూ మిరియాలూ నూరాను. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

క్లబ్బులో చేసే కంటి పరీక్ష గోడ మీది అక్షరాలు చదివించేది. అవి ఎదురుగా ఉంటాయి, ఎదురుగా ఉన్నవి నువ్వు చదువుతావు. పక్క చూపు చూసే పరీక్ష వేరే ఉందట. వెళ్ళు. దయచేసి వెళ్ళు. మధ్యలో ఆడేవాళ్ళ తలలు ఎంత వేగంగా వస్తాయో నాకు తెలుసు. నీకు తెలియకుండా నీ ఎడమ కణతకి ఒక తల వచ్చి తగిలితే ఏమవుతుందో తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

నిన్న మీ అన్నయ్య పేపర్ చదువుతుంటే అతని చెవి పక్కగా గరిట పట్టుకుని నిలబడ్డాను. తల ఎత్తకుండానే పక్క చూపుతో కనిపెట్టి, "కూర మాడిందా, నన్ను కొట్టబోతున్నావా?" అన్నాడు. ప్రాణం లేచొచ్చింది.

వెళ్తానని ఒక్క ముక్క రాయి.

వదిన


క్లబ్ హాస్టల్.

వదిన గారికి,

మీ ఉత్తరం అందింది. మీ వీడియో గది చాలా చురుగ్గా పని చేస్తోందని అర్థమైంది. మ్యాచ్ ఇంకా మూడు వారాలు ఉండగానే అవతలి లెఫ్ట్ బ్యాక్‌ను భయపెట్టి కూర్చోబెట్టే ఉపాయం మీ కోచ్ గారిదా, మీ సొంతమా?

ఇన్నేళ్ళు ఆడాక నాకు మొదటిసారి పేరొస్తోంది. ఇన్నాళ్ళూ "ఆ ఎడమ పక్క అమ్మాయి" అనేవాళ్ళు. ఇప్పుడు జట్టు ఆట నా కాలి దగ్గర మొదలవుతోంది. దేశం జట్టు ఎంపిక చేసేవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. ఇలాంటప్పుడు మీకు నా కళ్ళ మీద బెంగ పుట్టుకొచ్చింది.

నేను బాగానే చూస్తున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ప్రతి అక్షరం కనిపిస్తోంది. నాన్న లారీ అద్దం సంగతి ఇందులోకి లాగకండి. ఆయన విసుగొచ్చి మానేశాడు, చూపు లేక కాదు.

అన్నయ్యకి ఈ మాటలేవీ చేరవేయరని ఆశిస్తాను. గరిటలు అక్కడే పెట్టుకోండి.

ఇట్లు,
అవతలి జట్టు లెఫ్ట్ బ్యాక్


ఇల్లు,
వంటింటి బల్ల.

అమ్మాయ్,

"మీరు" అన్నావు. సరే, అనుకో. నా ఉత్తరం మళ్ళీ ఒకసారి తీసి చదువు. మావయ్య గారి మాట గానీ, లారీ గానీ, అద్దం గానీ నేనెక్కడా రాయలేదు. అద్దం సంగతి నాకు తెలియనే తెలియదు. రాసింది నువ్వే. అంటే నువ్వు చాలా రోజులుగా దాని గురించే ఆలోచిస్తున్నావు, ఒంటరిగా.

మీ అన్నయ్యని మాటల్లో పెట్టి అడిగాను. మావయ్య గారు లారీ ఎడమ అద్దం విరగ్గొట్టుకుని వస్తూ ఉండేవారట. స్తంభాలకీ, గేట్లకీ. ఒకరోజు ఎడమ పక్కన సైకిల్ మీద వస్తున్న మనిషి వెంట్రుక వాసిలో చక్రం కింద పడకుండా బయటపడ్డాడట. ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద పెట్టి మళ్ళీ ముట్టుకోలేదట. కారణం ఎవరికీ చెప్పలేదు. అందరూ బద్ధకం అనుకున్నారు.

ఇక నా సంగతి. నిన్న మా కోచ్ నన్ను పిలిచి, "ఆ లెఫ్ట్ బ్యాక్ పక్కన ఇన్నేళ్ళు ఆడావు కదా, ఆమెను ఎలా ఆపాలో నువ్వే చెప్పు" అన్నాడు. నా దగ్గర ఆ కత్తిరించిన ముక్కలన్నీ ఉన్నాయి. అవి చూపిస్తే చాలు. మా ఫార్వర్డ్‌ను నీ ఎడమ వైపు నుంచి వదులుతారు. ఆమె నాకంటే తలెత్తు పొడుగు, భుజం ముందు పెట్టి వస్తుంది, ఆగడం తెలీదు. చూపించకపోతే నేను తింటున్న జీతానికి ద్రోహం. ఏం చెయ్యాలో తోచడం లేదు.

నువ్వు ఆ మ్యాచ్ ఆడకు. మడమ నొప్పి అను, జ్వరం అను. నీ కాళ్ళు పట్టుకుంటాను.

వదిన


క్లబ్ హాస్టల్,
మెట్ల పక్క గది.
మ్యాచ్ మర్నాడు.

వదినా,

గెలిచాం. నీకు తెలుసు, స్టాండ్‌లో కూర్చుని చూశావు. నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. రెండు గోల్సూ నా పాస్‌తోనే మొదలయ్యాయి. అందరూ నన్ను ఎత్తుకున్నారు. రాత్రికి రాత్రే దేశం జట్టు శిబిరం నుంచి కబురొచ్చింది, నెలాఖరుకి రమ్మని.

ఇది నీకు సంతోషంగా రాద్దామనుకున్నాను. చెయ్యి రావడం లేదు.

మొదటి సగం అంతా నా పాటికి నేను ఆడేశాను. రెండో సగంలో మీ ఫార్వర్డ్ నాకు ఎదురుగా నిలబడి ఉంది. ఎడమకి పోదు, వెనక్కి రాదు. నా మీదికి రావాలని ఉబలాటపడుతున్నా ఎవరో ఆపినట్టు ఎదురుగానే ఆగిపోతోంది. మీ వాళ్ళంతా అంతే. ఒక్కరూ పక్క నుంచి రాలేదు. "వదిన చెప్పింది" అని అప్పుడు తట్టింది. ఆ క్షణం నుంచి ఎవరూ రాకపోయినా ఎడమ పక్క ఎవరో ఉన్నట్టే ఉంది. చూస్తే ఖాళీ. ఖాళీగా ఉందో, నాకే కనబడటం లేదో ఎలా చెప్పను? ఆ ఖాళీని చూసి నేను పడ్డ భయం ఎవరినీ చూసి పడలేదు.

ఏమని చెప్పావు మీ కోచ్‌కి? నిన్నేమన్నారు? అన్నిటికంటే ముందు అది రాయి.

మొన్న నిన్ను "మీరు" అన్నందుకు చెంపలేసుకుంటున్నాను.

నీ ఆడపడుచు


ఇల్లు.

అమ్మాయ్,

"ఆమె మీదికి వెళ్ళొద్దు, పక్క నుంచి వస్తే తిరిగి తప్పించుకుంటుంది. ఎదురుగా నిలబడి దారులు మూయండి" అని రాసిచ్చాను. నమ్మారు. ఇన్నేళ్ళు నీ పక్కన ఆడినదాన్ని కదా, ఎందుకు నమ్మరు.

మ్యాచ్ అయ్యాక మా అమ్మాయిలు డ్రెస్సింగ్ రూమ్‌లో ఏడుస్తుంటే గుమ్మం దగ్గర నిలబడలేకపోయాను. మర్నాడు కోచ్ దగ్గరకి వెళ్ళి, తెలిసే తప్పు చెప్పానన్నాను. ఎందుకని అడిగాడు. ఆ కారణం చెప్పే హక్కు నాకు లేదన్నాను. అతను అరవలేదు. వీడియో గది తాళం మాత్రం అడిగి తీసుకున్నాడు. మీ అన్నయ్యకి మోకాలి నొప్పి వల్ల ఉద్యోగం మానేశానని చెప్పాను.

అది పోతే పోయింది, దానికి బాధ లేదు. నా భయం వేరే. నేను నిన్ను కాపాడాననుకున్నాను. తీరా చూస్తే నిన్ను ఇంకా పెద్ద మైదానంలోకి నెట్టాను. అక్కడి అవతలి జట్లలో కూడా ఎవరో ఒకమ్మాయి చీకటి గదిలో కూర్చుని నీ మ్యాచ్‌లు కత్తిరిస్తూ ఉంటుంది. నేను చూసింది ఆమె చూస్తుంది. ఆమె నీకు వదిన కాదు.

ఇంకోసారి అబద్ధం ఆడటానికి నాకు గది కూడా లేదు. ఇక నువ్వే చెప్పాలి.

వదిన


కంటి ఆస్పత్రి ఎదురు లాడ్జి.

వదినా,

వెళ్ళాను.

ఒక గదిలో కూర్చోబెట్టి ఒక కన్ను మూశారు. పెద్ద తెల్లటి గిన్నె లాంటి దాంట్లో గడ్డం ఆనించమన్నారు. మధ్యలో ఒక చుక్క ఉంటుంది, దాన్నే చూస్తూ ఉండాలి. చుట్టూ ఎక్కడో అక్కడ చిన్న వెలుగు మెరుస్తుంది, కనబడగానే చేతిలో బటన్ నొక్కాలి. సరేనని బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. మధ్య దగ్గర కొన్ని మెరిశాయి, నొక్కాను. తర్వాత ఏమీ రాలేదు. మిషన్ ఆగిందేమో అనుకున్నాను. అలాగే కూర్చున్నాను. చివరికి, "మిగతావి ఎప్పుడు మొదలుపెడతారండీ?" అని అడిగాను.

ఆ పరీక్ష చేసే ఆవిడ, "వస్తూనే ఉన్నాయమ్మా" అంది.

అంతే వదినా. ఆవిడ గొంతు ఇంకా చెవిలో ఉంది.

రెండు పక్కలా మూసుకొస్తోందట, ఎడమ ఎక్కువ. పోయింది తిరిగి రాదట. ఉన్నది ఎన్నాళ్ళుంటుందో డాక్టర్ చెప్పలేనన్నాడు. చుట్టూ మనుషులు పరిగెత్తే ఆట ఇక వద్దన్నాడు. నాన్నను కూడా తీసుకురమ్మన్నాడు.

అక్కణ్ణుంచి తిన్నగా మైదానానికి వెళ్ళి కోచ్‌కి చెప్పాను. మొదట నమ్మలేదు. "మరి రంగు అట్టలు ఎలా చెప్పావు?" అన్నాడు. వరస బట్టీ పట్టానన్నాను. బెంచీ మీద కూలబడిపోయాడు. శిబిరానికి రానని కబురు పంపమన్నాను. మీ కోచ్‌కి కూడా నేనే ఫోన్ చేసి కారణం చెప్పాను. నీ తాళం సంగతి ఆయన ఇష్టం, కారణం దాచాల్సిన పని మాత్రం నీకిక లేదు.

మిగతా పరీక్షలకి ఈ లాడ్జికి మారదామని హాస్టల్లో సామాను సర్దుకుంటుంటే కెప్టెన్ వచ్చింది. నాకు తెలిసింది ఎలాగంటే, ఎడమ వైపు చెప్పుల చప్పుడు వినిపించి ఆగింది. తర్వాత నా వెనక నుంచి చుట్టూ తిరిగి కుడి వైపుకొచ్చి, బాగా ముందుకు చెయ్యి చాచింది. చూశాను. పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

భయంగా ఉంది. నీకు తప్ప ఎవరికీ చెప్పను. పొద్దున లేవగానే గది గోడలు నిన్నటి చోటే ఉన్నాయా అని చూసుకుంటున్నాను.

ఆదివారం సాయంత్రం బండికి దిగుతాను. అన్నయ్యని పంపకు, నువ్వే రా. లైట్లు వేసే వేళ కదా, స్టేషన్ బయట రోడ్డు నాకు సరిగ్గా ఆనదు. నేను గోడను ఎడమ పక్కన పెట్టుకుని నడుస్తాను. నువ్వు కుడి పక్కకి రా. ఇల్లు చేరేదాకా నోరు మూయకు.

నీ ఆడపడుచు